లెటర్‌హెడ్ మీద ఎవరి చిరునామా?

సంఘాలు, సేవాసంస్థల నిర్వహణ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో ఈసారి చిరునామాకు సంబంధించిన వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: నమస్కారమండీ. మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మొదలైన సేవా సంఘం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లాక వీధుల్లో పడిపోయిన చెట్లు తొలగించడానికి, మంచినీళ్లు, కొవ్వొత్తులు పంచడానికి కలిసిన ఇరుగుపొరుగు వాళ్లం ఆ తరవాత కూడా విడిపోలేదు. రక్తదాన శిబిరాలు పెడుతున్నాం, తీరంలో చెత్త ఏరుతున్నాం, సాయంకాలం పూట పిల్లలకు చదువు చెబుతున్నాం. సంఘాన్ని రిజిస్టరు చేయించినప్పుడు అప్పటి కార్యదర్శి గారి ఇంటి చిరునామా ఇచ్చాం. లెటర్‌హెడ్ మీదా, రసీదు పుస్తకం మీదా, బ్యాంకులోనూ అదే ఉంది. ఆయన ఇప్పుడు ఇల్లు అమ్మేసి హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. కొత్త చిరునామా విషయంలో కార్యవర్గం ఒక మాట మీదికి రాలేకపోతోంది. అధ్యక్షురాలి గారి ఫ్లాటు చిరునామా వేద్దామని కొందరు అంటున్నారు. ద్వారకానగర్‌లో మా సభ్యుడొకరి మందుల షాపు ఉంది, అది వేద్దామని ఇంకొందరు. నెలకింత అని తీసుకొని సిరిపురంలో ఆఫీసు చిరునామా ఇచ్చే సంస్థలున్నాయి, దాతలకు అది గౌరవంగా కనిపిస్తుందని కోశాధికారి గారి అభిప్రాయం. మేము చదువు చెప్పే పాఠశాల వారు తమ చిరునామా వాడుకోమన్నారు. ఇవేవీ వద్దు, పోస్టు బాక్సు తీసుకుంటే చాలునని ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి సలహా ఇచ్చారు. వీటిలో ఏది సరైనదో చెప్పగలరా?
(ఒక సంఘ సంయుక్త కార్యదర్శి, విశాఖపట్నం)

సమాధానం: మీ కార్యవర్గం దీన్ని అచ్చుపనిగా చూస్తున్నట్టుంది. ముందు తేల్చవలసింది లెటర్‌హెడ్ సంగతి కాదు, మీ సంఘం రిజిస్టర్డ్ కార్యాలయం సంగతి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కలిసి మెమొరాండం, నియమావళి దాఖలు చేసి సంఘాన్ని నమోదు చేసుకుంటారు. సంఘం పేరు, ఆశయాలతో పాటు కార్యాలయం ఎక్కడుందో కూడా ఆ పత్రాలలో చెప్పవలసి ఉంటుంది. జిల్లా రిజిస్ట్రారు దస్త్రంలో నమోదైన ఆ చోటే చట్టం దృష్టిలో మీ చిరునామా. లెటర్‌హెడ్ దానిని అనుసరించాలే గాని దానికంటే ముందు పరుగెత్తకూడదు. రిజిస్ట్రారు దగ్గర మార్పు నమోదు కాకముందే కొత్త చిరునామాతో కాగితాలు అచ్చువేయిస్తే, మీకు రెండు చిరునామాలు ఏర్పడతాయి: ఒకటి మీరు చెప్పుకునేది, రెండోది ఇల్లు కొన్నవారు కాపురం ఉండేది. నోటీసులు పోయేది ఆ రెండో చోటికి.

ఇది ఎందుకు ముఖ్యమో ఒక పాత చట్టం చెబుతుంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, తపాలా ద్వారా అందజేయాలని చట్టం చెప్పిన పత్రాన్ని సరైన చిరునామా రాసి, తపాలా రుసుము చెల్లించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, మామూలుగా ఉత్తరం చేరవలసిన సమయానికి అది చేరినట్టే భావిస్తారు. చేరలేదని చూపించుకోవలసిన భారం అందుకోవలసిన వారిది. తలుపు తాళం వేసి ఉందనో, తీసుకోవడానికి నిరాకరించారనో తపాలా ఉద్యోగి రాసి వెనక్కి పంపిన ఉత్తరాలను కూడా అందినట్టుగానే న్యాయస్థానాలు పరిగణించిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుచేత మీరు లెటర్‌హెడ్ మీద ఏ చిరునామా అచ్చువేస్తారో, అక్కడికి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మేము చూసుకుంటామని లోకానికి మాట ఇస్తున్నట్టు లెక్క. ఆ మాట నిలబెట్టుకోగల చోటేదన్నదే అసలు ప్రశ్న. దాతలకు గౌరవంగా కనిపించడం ఆ తరవాతి విషయం.

ఆ ప్రకారం ఒక్కొక్కటీ చూద్దాం. అధ్యక్షురాలి గారి ఫ్లాటును నేను మొదటే పక్కన పెడతాను. ఆవిడ మీద అనుమానం ఉండి కాదు. మీరు ఈ రోజు పడుతున్న ఇబ్బందికి మూలం పదవిలో ఉన్నవారి ఇంటిని సంఘం చిరునామాగా పెట్టడమే. కార్యదర్శి గారి ఇంటి నుంచి అధ్యక్షురాలి గారి ఇంటికి మారితే ఇబ్బంది తీరదు, ఎన్నికలు జరిగేదాకా వాయిదా పడుతుంది. పైగా అది అపార్టుమెంటు. నివాసానికి తప్ప వేరే పనికి ఫ్లాటును వాడకూడదని అపార్టుమెంటు యజమానుల సంఘం నియమావళిలో ఉంటే, గేటు దగ్గర మీ సంఘం పేరున్న బోర్డు పెట్టనివ్వరు. బోర్డు లేని చోట కొత్తగా వచ్చిన పోస్టుమ్యాన్ ఆ పేరున్న వారెవరూ లేరని రాసి ఉత్తరాన్ని వెనక్కి పంపితే తప్పు పట్టలేం. ఇంకొక సంగతి కూడా ఉంది. రక్తదానం చేయించే సంఘం చిరునామా చేతిలో ఉంటే, రోగి బంధువులు కంగారులో వేళ కాని వేళ వచ్చి తలుపు తడతారు. ఆ ఇంట్లో వృద్ధులో, పరీక్షలకు చదువుకునే పిల్లలో ఉంటే వారి పరిస్థితి కూడా ఆలోచించండి.

సిరిపురం చిరునామా మీద కోశాధికారి గారికి ఉన్న మోజు అర్థం చేసుకోదగినదే. పెద్ద సంస్థల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల కోసం దరఖాస్తు చేసేవారికి ఆ ఆలోచన సహజంగా వస్తుంది. అయితే ఆ సంస్థలు మీకు ఇచ్చేది గది కాదు, వారి గది పేరును వాడుకునే అనుమతి. వచ్చిన ఉత్తరాన్ని వారు తీసుకొని మీకు ఫోను చేస్తారు, లేదా ఫొటో తీసి పంపుతారు. నెల రుసుము ఆగిన రోజున ఆ అనుమతీ ఆగుతుంది, కాని మీరు పంచిన రసీదులు, పంపిన ఉత్తరాలు ఆ చిరునామాతోనే జనం దగ్గర ఉండిపోతాయి. బ్యాంకు వారో, నిధులిచ్చే సంస్థ ప్రతినిధులో కార్యాలయం చూద్దామని వస్తే వారికి కనిపించేది రిసెప్షన్ బల్ల, దాని వెనక మీ పేరే ఎరుగని ఉద్యోగి. అది చూశాక గౌరవం పెరుగుతుందనుకోను. చందాలతో నడిచే చిన్న సంఘం చిరునామా కోసం ప్రతినెలా డబ్బు చెల్లించడం అన్నది లెక్కల పుస్తకంలో కూడా బాగుండదు.

పాఠశాల వారి మాట పెద్దమనసుతో అన్నదే, వారికి కృతజ్ఞతలు చెప్పి వదిలేయండి. వేసవి సెలవుల్లో పాఠశాల మూసి ఉన్నన్నాళ్లూ మీ ఉత్తరాలు ఎవరి సొరుగులో పడి ఉంటాయో ఎవరూ చెప్పలేరు. యాజమాన్యం మారినా, ప్రధానోపాధ్యాయులు మారినా ఈ ఏర్పాటు గుర్తుండదు. పాఠశాలకు ఏదైనా వివాదం వస్తే ఆ మరక మీకు, మీకు వస్తే వారికి అంటుతుంది.

ఇక మందుల షాపు. వినగానే కొంచెం చిన్నతనంగా అనిపించి ఉండవచ్చు, కాని నా ఓటు దీనికే. పోస్టుమ్యాన్ వచ్చే వేళకు తలుపు తీసి ఉండే చోటు, ఉత్తరం అందుకొని సంతకం పెట్టే మనిషి కౌంటరు వెనక ఎప్పుడూ ఉండే చోటు మీ జాబితాలో ఇదొక్కటే. ఇళ్లలో పగటిపూట అందరూ ఉద్యోగాలకు వెళ్లిపోయే ఈ రోజుల్లో, చేతికి ఇచ్చి సంతకం తీసుకోవలసిన ఉత్తరాలు ఇంటివారు లేక తపాలా కార్యాలయానికి తిరిగి వెళ్లడం, అక్కడ గడువు దాకా ఉంచి పంపినవారికే తిప్పి పంపేయడం మామూలైపోయింది. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేసింది గనుక ముఖ్యమైన ప్రభుత్వ ఉత్తరాలు ఇకమీదట స్పీడ్ పోస్టు రూపంలోనే వస్తాయి; వాటికి కూడా తలుపు దగ్గర మనిషి కావాలి.

షాపును ఎంచుకుంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఆ షాపు మీ సభ్యుడి సొంతమా, అద్దెదా అన్నది ముందు కనుక్కోండి. సొంతమైతే ఆయన, అద్దెదైతే భవన యజమాని, ఈ చోటును ఫలానా సంఘం రిజిస్టర్డ్ కార్యాలయంగా వాడుకోవడానికి అభ్యంతరం లేదని సంతకం చేసిన పత్రం ఇవ్వాలి. దానితో పాటు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఆస్తిపన్ను రసీదు, ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం నకళ్లు సిద్ధంగా పెట్టుకోండి. రిజిస్ట్రారు కార్యాలయంలోనూ, బ్యాంకులోనూ చిరునామాకు రుజువుగా అడిగేవి సాధారణంగా ఇవే. షాపు బోర్డు కింద చిన్నదైనా సరే సంఘం పేరుతో వేరే పలక ఉండాలి. లెటర్‌హెడ్ మీద షాపు పేరు వేయకండి, డోరు నంబరు, వీధి చాలు. దుకాణం పేరు కూడా వేస్తే సంఘం ఆ దుకాణానికి ప్రచార విభాగం అనుకునేవారు తప్పకుండా ఉంటారు, అటువంటి మాట ఒకసారి పుట్టిందంటే ఆపడం కష్టం.

పోస్టు బాక్సు సలహా ఇచ్చిన పెద్దమనిషి అనుభవంతోనే చెప్పారు. ఏటా అద్దె కట్టి తపాలా కార్యాలయంలో బాక్సు తీసుకుంటే, కార్యదర్శులు ఎందరు మారినా, ఎవరు ఏ ఊరు వెళ్లినా బాక్సు నంబరు మారదు. ఎవరి ఇంటి గుమ్మమూ బయటపడదు. ఇంత మంచి ఏర్పాటు ఈ రోజుల్లో మరుగున పడిపోవడం విచారకరమే. అయినా దానిని రిజిస్టర్డ్ కార్యాలయంగా చూపలేరు, ఎందుకంటే చట్టం అడిగేది ఒక స్థలం. ప్రైవేటు కొరియరు వారు బాక్సుకు ఇవ్వలేరు. సంతకం తీసుకొని ఇవ్వవలసిన ఉత్తరాలను మీ బాక్సు విషయంలో ఎలా అందజేస్తారో తపాలా కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వారానికి రెండుసార్లయినా వెళ్లి బాక్సు చూసే మనిషి కావాలి. విరాళాల ఉత్తరాలు, శిబిరాల తరవాత వచ్చే కృతజ్ఞతా పత్రాలు ఎక్కువగా వచ్చే సంఘమైతే బాక్సు తీసుకొని, లెటర్‌హెడ్ మీద రెండో వరుసలో ఉత్తర ప్రత్యుత్తరాలకు అని స్పష్టంగా రాసి వేయవచ్చు. మీకు నెలకు పట్టుమని పది ఉత్తరాలు రాకపోతే ఆ హంగు అక్కరలేదు.

చిరునామా తేలాక చాలా సంఘాలు పట్టించుకోని విషయం ఒకటుంది. ఉత్తరాలు ఎవరు విప్పాలి? అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం ఈ ప్రశ్న రాదు. కార్యవర్గంలో రెండు వర్గాలు ఏర్పడిన రోజున చిరునామా ఎవరి చేతిలో ఉంటే చెక్కు పుస్తకం, బ్యాంకు ఉత్తరాలు, రిజిస్ట్రారు నోటీసులు వారి చేతిలో ఉంటాయి. ఎదుటి వర్గానికి సమావేశం సంగతే తెలియకుండా తీర్మానాలు చేసి, అందరికీ ఉత్తరాలు పంపామని చెప్పుకునే అవకాశం వస్తుంది. సంఘాల తగాదాలలో మూల కారణం ఏదైనా, తగాదా నడిచేది మాత్రం చాలాసార్లు ఈ కాగితాల మీదే. అందుకని షాపులో ఒక ఆవక రిజిస్టరు పెట్టండి. వచ్చిన ప్రతి ఉత్తరం తేదీ, పంపినవారు, తీసుకున్నవారి సంతకం అందులో ఉండాలి. కవరు విప్పకుండా కార్యదర్శికి అందజేయడం వరకే షాపు యజమాని బాధ్యత అని, కార్యదర్శి ఊళ్లో లేనప్పుడు సంయుక్త కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ కలిసి విప్పాలని తీర్మానం రాసుకోండి. ఇంత తతంగం అవసరమా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మార్పు జరిపే క్రమం ఇది. ముందు మీ మెమొరాండం తీసి చదవండి. అందులో పూర్తి చిరునామా డోరు నంబరుతో సహా ఉందా, ఊరి పేరు మాత్రమే ఉందా చూడండి. పూర్తి చిరునామా ఉంటే మెమొరాండాన్ని సవరించవలసి వస్తుంది, అంటే సర్వసభ్య సమావేశం పిలిచి ప్రత్యేక తీర్మానం చేయాలి. ఊరి పేరే ఉండి, కార్యాలయ స్థలం నిర్ణయించే అధికారం నియమావళిలో కార్యవర్గానికి ఇచ్చి ఉంటే పని తేలిక. ఏ విధంగానైనా తీర్మానం నకలు, అభ్యంతరం లేదన్న పత్రం, చిరునామా రుజువులు జిల్లా రిజిస్ట్రారుకు దాఖలు చేసి, నమోదైనట్టు ఆధారం తీసుకోండి. ఆ ఆధారంతో బ్యాంకుకు, పాన్ కార్డులో సవరణకు, 12ఏబీ, 80జీ (పన్ను మినహాయింపు) నమోదు ఉంటే ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోని వివరాల సవరణకు, నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌కు వెళ్లండి. పన్ను శాఖ నోటీసులు ఇప్పుడు ఎక్కువగా పోర్టల్‌లోనూ ఈమెయిల్‌లోనూ వస్తున్నాయి గనుక అక్కడి ఈమెయిల్ పాత కార్యదర్శిదై ఉంటే దాన్ని కూడా ఇప్పుడే మార్చండి. ఇవన్నీ అయ్యాకే అచ్చుకు ఇవ్వండి. ఈలోగా పాత ఇంటికి వచ్చే ఉత్తరాలను కొత్త చోటికి మళ్లించమని ఆ ప్రాంతానికి బట్వాడా చేసే తపాలా కార్యాలయంలో రాతపూర్వకంగా కోరండి. ఇల్లు కొన్నవారిని కూడా ఒకసారి కలిసి మర్యాదగా చెప్పి ఉంచడం మంచిది.

అచ్చువేసేటప్పుడు సంఘం పేరు, దాని కింద రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం, ఆ తరవాత రిజిస్టర్డ్ కార్యాలయం అన్న మాట, డోరు నంబరు, వీధి, ప్రాంతం, విశాఖపట్నం, పిన్ కోడ్ ఈ వరుసలో ఉంటే చాలు. మీరు ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్‌కు మారుతున్నారు గనుక పిన్ కోడ్ 530017 పోయి 530016 వస్తుంది. ఒక్క అంకె తేడాయే గదా అని పాతదే ఉంచేసేవారున్నారు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ పద్ధతిలో మొదటి మూడు అంకెలు ఉత్తరాన్ని ఉత్తరాలు వేరుచేసే జిల్లా దాకా తెస్తాయి, బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని చెప్పేవి చివరి మూడే. ఆ చివరి అంకె తప్పితే ఉత్తరం మీ పాత పేటకే పోతుంది. షాపు ఎదురుగా ఉన్న హోటలు పేరో, సినిమా హాలు పేరో గుర్తుగా వేయకండి. అవి మీ లెటర్‌హెడ్ కంటే ముందే మారిపోవచ్చు. డోరు నంబరులో పాతది, కొత్తది అని రెండుంటే ఆస్తిపన్ను రసీదులో ఉన్నదే వేయండి. ఊరి పేరు విశాఖపట్నం అనే అన్నిచోట్లా ఉండాలి, పాన్‌లో ఒకటి, బ్యాంకులో వైజాగ్, రసీదులో వాల్తేరు అన్నట్టు ఉండకూడదు.

2025 మేలో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ వేయాలా అని కూడా కొందరు అడుగుతున్నారు. అది దాదాపు నాలుగు మీటర్ల చదరాన్ని సూచించే పది అక్షరాంకెల గుర్తు, స్థలాన్ని చూపుతుంది గాని గ్రహీత ఎవరో చెప్పదు. తపాలా చిరునామాకు అది ప్రత్యామ్నాయం కాదు. మీ శిబిరాలకు వచ్చేవారికి దారి చెప్పడానికి కరపత్రం మీద వేసుకోండి, లెటర్‌హెడ్‌ను అంకెలతో నింపకండి.

ప్రశ్న: మా సంఘం అనకాపల్లిలో జిల్లాల విభజనకు ముందు రిజిస్టరు అయింది. లెటర్‌హెడ్ మీద ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంది. మేము జీవీఎంసీ పరిధిలోనే ఉన్నాం గదా, మార్చకపోతే నష్టమేమిటి?
(ఒక పాఠకుడు, అనకాపల్లి)

సమాధానం: కార్పొరేషను పరిధి వేరు, జిల్లా వేరు. అనకాపల్లి పురపాలక సంఘం 2013లో జీవీఎంసీలో కలిసినా, 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది. ఉత్తరం చేరడం వరకు మీకు నష్టం లేదు, ఎందుకంటే 531001 అన్న పిన్ కోడ్ రెవెన్యూ జిల్లాలను బట్టి మారలేదు. కలెక్టరు కార్యాలయానికి, జిల్లా స్థాయి అధికారులకు పంపే దరఖాస్తుల విషయంలో మాత్రం పాత జిల్లా పేరున్న కాగితం మీ ఫైలును విశాఖకు పంపించి, అక్కడి నుంచి తిప్పి పంపించి కాలయాపన చేయిస్తుంది. ఈసారి అచ్చు వేయించేటప్పుడు చిరునామాలో అనకాపల్లి జిల్లా అని మార్చండి. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం మాత్రం మీ ధ్రువపత్రంలో ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి, అందులో జిల్లా పేరు కొత్తదిగా దిద్దకండి. అది అప్పటి దస్త్రానికి గుర్తు, ఇప్పటి చిరునామా కాదు.

ప్రశ్న: గాజువాక ప్రాంతంలో గృహహింసకు గురైన స్త్రీలకు తోడుగా నిలిచే చిన్న బృందం మాది. భర్తలు, వారి తరఫు వాళ్లు మా ఇళ్ల మీదికి వస్తారేమోనన్న భయంతో లెటర్‌హెడ్ మీద చిరునామా వేయకుండా ఫోను నంబరు, ఈమెయిల్ మాత్రమే ఇస్తున్నాం. పోలీసు స్టేషనులోనూ కార్యాలయాల్లోనూ చిరునామా లేని ఉత్తరాన్ని పట్టించుకోవడం లేదు. ఏమి చేయమంటారు?
(ఒక పాఠకురాలు)

సమాధానం: మీ భయం న్యాయమైనదే అమ్మా. మొదటి ప్రశ్నకు జవాబులో నేను హంగు అన్న పోస్టు బాక్సు మీ విషయంలో అవసరం. లెటర్‌హెడ్ మీద బాక్సు నంబరు, ఆ తపాలా కార్యాలయం పేరు, పిన్ కోడ్ ఉంటే అది పూర్తి తపాలా చిరునామాయే. అది ఏ సభ్యురాలి ఇంటి దారీ చెప్పదు.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. లెటర్‌హెడ్ మీద లేనంత మాత్రాన రిజిస్టర్డ్ కార్యాలయం రహస్యంగా ఉండదు. సొసైటీ పత్రాలను రుసుము చెల్లించి చూసుకునే వీలు బయటివారికి కూడా ఉంటుంది. కాబట్టి రిజిస్ట్రారుకు ఇచ్చే చిరునామా కూడా ఎవరి నివాసమూ కాకుండా చూసుకోవాలి. మీకు సాయపడే న్యాయవాది గారి కార్యాలయమో, ఆడిటరు గారి కార్యాలయమో వారి లిఖితపూర్వక అనుమతితో పెట్టుకోవడం వాడుకలో ఉన్న పద్ధతే. అటువంటి చోట తలుపు తట్టడానికి వచ్చేవాడు కాస్త వెనకాముందూ చూస్తాడు. 2005 నాటి గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం స్వచ్ఛంద సంస్థలను సేవా ప్రదాతలుగా నమోదు చేసుకోనిస్తుంది. ఆ నమోదు ఉంటే పోలీసు స్టేషనులో మీ ఉత్తరానికి ఇప్పటికంటే బరువు ఉంటుంది, దరఖాస్తులో ఈ కార్యాలయ చిరునామానే ఇవ్వండి. బాధితులను తాత్కాలికంగా ఉంచే చోటు ఏదైనా మీకు ఉంటే దాని ఊసు ఏ కాగితం మీదా, ఏ రసీదు మీదా రానివ్వకండి. కవరు వెనక పంపినవారి చిరునామా రాసే అలవాటున్న సభ్యులకు ఈ విషయం వేరుగా చెప్పండి.

ప్రశ్న: మా కాలనీ కుర్రాళ్లం కలిసి మొక్కలు నాటుతున్నాం. ఇంకా రిజిస్టరు చేయించలేదు, త్వరలో చేయిస్తాం. లెటర్‌హెడ్ మీద రిజిస్టర్డ్ కార్యాలయం అని ఇప్పుడే వేయించుకోవచ్చా?
(ఒక విద్యార్థి, మధురవాడ)

సమాధానం: వేయకూడదు. లేని నమోదును ఉన్నట్టు చూపి విరాళం తీసుకుంటే, పైసా దుర్వినియోగం కాకపోయినా మోసం చేశారన్న ఆరోపణకు తావిచ్చినట్టే. ప్రస్తుతానికి బృందం పేరు, ఉత్తరాలకు అని రాసి మీలో ఒకరి పేరు, కేరాఫ్‌గా వారి చిరునామా వేసుకోండి. బృందం పేరుకు బోర్డు లేదు గనుక మనిషి పేరు లేకపోతే ఉత్తరం మీకు చేరదు. చిరునామా ఇచ్చినవారి తల్లిదండ్రులకు ఆ సంగతి ముందే చెప్పండి. ప్రెస్సుకు వెళ్లవద్దు, కంప్యూటరులో నమూనా తయారుచేసుకొని కావలసినప్పుడల్లా తెల్ల కాగితం మీద ప్రింటు తీసుకుంటే చాలు.

ప్రశ్న: పాత చిరునామాతో అచ్చువేయించిన లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. పాత చిరునామా కొట్టేసి కొత్తది రబ్బరు స్టాంపు వేసి వాడుకోవచ్చునా?
(ఒక కోశాధికారి, అక్కయ్యపాలెం)

సమాధానం: శిబిరానికి రమ్మని సభ్యులకు పంపే ఉత్తరాలకు, స్థానిక పత్రికలకు ఇచ్చే ప్రకటనలకు నిరభ్యంతరంగా వాడండి. బ్యాంకుకు, రిజిస్ట్రారుకు, పన్ను శాఖకు, నిధులిచ్చే సంస్థలకు పంపే వాటికి వద్దు. కొట్టివేత ఉన్న కాగితం చూడగానే అక్కడి గుమాస్తాకు ఏ చిరునామా సరైనదన్న సందేహం వస్తుంది, ఆ సందేహం తీర్చడానికి మీరు మళ్లీ ఇంకొక ఉత్తరం రాయవలసి వస్తుంది. రసీదు పుస్తకాల విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. వాడని రసీదులను వరుస నంబర్లతో సహా కార్యవర్గ సమావేశంలో నమోదు చేసి, అడ్డంగా గీత గీసి రద్దు అని రాసి, ఆడిట్ పూర్తయ్యేదాకా భద్రపరచండి. చించి పారేస్తే ఆ నంబర్లు ఏమయ్యాయని ఆడిటరు అడుగుతారు.